బహుమతి అని రాసే ముందు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. రాయగడలో నర్సింగ్ ట్యూటర్‌గా చేస్తున్నాను. మార్గశిరంలో నిశ్చితార్థం అయింది, పెళ్లి వైశాఖంలో. అబ్బాయి ఉద్యోగం ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో. అక్కడ ఇల్లు కొంటున్నారు. ఇంటికి ముందుగా కట్టాల్సిన డిపాజిట్‌కి 15 వేల పౌండ్లు, సుమారు 18 లక్షలు, నన్ను సర్దమన్నారు. నాన్నగారు పోయాక వచ్చిన డబ్బు ఫిక్స్‌డ్‌లో ఉంది. ‘ఇది బహుమతి, తిరిగి అడగను, ఇంట్లో నాకు వాటా లేదు’ అని ఉత్తరం మీద సంతకం పెట్టి పంపమంటున్నారు. లోన్ ఇచ్చేవాళ్లు అడిగారట. ఆయన మీద నాకు అనుమానం లేదు. అమ్మకే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆ సంతకం ఇంకా పెట్టకపోతే కాస్త ఆగండి.

అబ్బాయి మోసం చేస్తున్నాడని నేననడం లేదు. డిపాజిట్‌లో వేరొకరి సొమ్ము ఉంటే అక్కడ లోన్ ఇచ్చేవాళ్లు ఇలాంటి ఉత్తరం మామూలుగానే అడుగుతారు. రేపు ఆ మనిషి వచ్చి ఇంట్లో వాటా అడగకూడదని వాళ్ల జాగ్రత్త. కానీ ఆ కాగితంతో మీ డబ్బు మీది కాకుండా పోతుంది.

బరంపురంలో 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. మా చిన్న చెల్లెలు విదేశంలో ఉన్న భర్తకి డబ్బు పంపినప్పుడు ఏ-2 ఫారం నేనే నింపాను. ఎందుకు పంపుతున్నారన్న చోట ‘గిఫ్ట్’ అని రాసింది నేనే, పని త్వరగా అవుతుందని. నాలుగేళ్లకి వాళ్లు విడిపోయారు. లాయరు ఆ జిరాక్స్ మా ముందు పెట్టి ఆ ఒక్క మాట మీద వేలు ఉంచాడు. మా చెల్లెలు నా వైపు చూసింది. ఆ చూపు నన్నింకా వదల్లేదు.

నిజంగా బహుమతిగానే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, తిరిగి రాదనుకునే ఇవ్వండి. వాటా కావాలంటే మాత్రం ఇంటి మీద మీ పేరు ఉండాలి. ఇద్దరి పేర్లతో కొంటే ‘టెనెంట్స్ ఇన్ కామన్’గా రాయించుకోండి. అందులో ఎవరి వాటా వారిది, సమానంగా ఉండాలని లేదు. అక్కడ జీతం లేని మీ పేరు చేర్చడానికి లోన్ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ‘డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్’ అనే దస్తావేజు ఉంది. ఇంట్లో ఎవరిది ఎంతో అందులో రాస్తారు. అదీ లోన్ వాళ్లకి తెలిసే జరగాలి. వాళ్లకి బహుమతి అని చెప్పి, చాటున మీరిద్దరూ వేరే కాగితం రాసుకుంటే అది అబద్ధం చెప్పి లోన్ తీసుకోవడమే. ముందు ఇరుక్కునేది అబ్బాయి. ఆయన సొలిసిటర్, అంటే అక్కడ ఇంటి కొనుగోలు పనులు చూసే లాయరు, చూసేది ఆయన పక్షం. మీకు వేరే సొలిసిటర్ ఉండాలి, ఖర్చయినా సరే.

పెళ్లయ్యాక సంగతి కొంత వేరు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అక్కడి విడాకుల కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. నిశ్చితార్థంతో ఆ రక్షణ రాదు.

ఇక మన వైపు. విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. అయితే ఆ ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, బ్యాంకు పట్టుకుంటుంది. 18 లక్షలు ఒకేసారి పంపితే 1,60,000 అదనంగా చేతిలో ఉండాలి. రిటర్న్ వేస్తే అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలింది వాపసు వస్తుంది. మార్చి 31 లోపు సగం, ఏప్రిల్‌లో సగం పంపితే ఆ కోతే ఉండదు. వాటా వస్తే ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కింద చూపించాలి. మరిస్తే 10 లక్షల జరిమానా పడవచ్చు.

డబ్బు సొలిసిటర్ క్లయింట్ అకౌంట్‌కే, అంటే క్లయింట్ల సొమ్ము విడిగా ఉంచే ఖాతాకే, పంపండి. అకౌంట్ నంబరు ఈమెయిల్‌లో వస్తే, ఆఫీసుకి ఫోన్ చేసి చదివించుకున్నాకే పంపండి. దొంగ ఈమెయిళ్లతో ఇల్లు కొనేవాళ్ల సొమ్ము కాజేసే ముఠాలు అక్కడ ఉన్నాయి.

ఈ ఆదివారం అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని అబ్బాయికి ఫోన్ చెయ్యండి. ‘నా వాటా సంగతి లోన్ వాళ్లకి చెప్పగలరా?’ అని అడగండి. కుదరదంటే, పెళ్లయి మీరు లెస్టర్ వెళ్లేదాకా నాన్నగారి డబ్బు ఫిక్స్‌డ్‌లోనే ఉండనివ్వండి.