ఆపరేషన్ అయిన నాలుగో రోజు

చిరంజీవికి ఆశీస్సులు.

కందుకూరులో సర్జన్‌గా చేరావని తెలిసి సంతోషించాను నాయనా. కడుపు కోసి కుట్టడం నీకు బాగా వచ్చు. కుట్టిన తర్వాత వారం పది రోజులు రోగిని ఎలా కనిపెట్టుకుని ఉండాలన్నదే ఈ ఉత్తరం. ‘ఇంకో రోజు చూద్దాం’ అనుకోబట్టే చాలాసార్లు ప్రాణాలు పోతాయి.

ముందు మామూలుగా ఎలా ఉండాలో మనసులో పెట్టుకో. ఆపరేషన్‌తో ఆగిన పేగుల్లో చిన్నపేగు ఒక రోజులో కదులుతుంది, జీర్ణాశయం రెండో రోజుకి, పెద్దపేగు మూడో రోజుకి. నాలుగో రోజు పొద్దున నువ్వు రౌండ్‌కి వెళ్లేసరికి కింది నుంచి గాలి పోయి ఉండాలి, నాడి నెమ్మదించాలి, మనిషి లేచి నాలుగడుగులు వేయాలి. నిన్నటికంటే ఇవాళ డీలా పడితే కారణం వెతుకు. అది కడుపులో లేదని తేలేదాకా కడుపులోనే ఉందనుకో.

పేగు కోసి కలిపిన చోట అతుకు వదిలితే జ్వరం కంటే ముందు నాడి చెబుతుంది. నొప్పికి మందు అందుతోంది, రక్తం పోవడం లేదు, అయినా నాడి 110 దాటి దిగడం లేదంటే తేలిగ్గా తీసుకోకు. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లలో నాడి అంతగా పెరగదు, వాళ్లలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో నువ్వే లెక్కపెట్టు. పారాసెటమాల్ గంటల ప్రకారం పడుతుంటే జ్వరం కనపడదు. పెద్ద వయసువాళ్లు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే నిద్రమాత్ర రాయకముందు పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ మూడు, నాలుగు రోజుల్లో లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటినా, తగ్గాల్సింది పెరుగుతున్నా నమ్ము. కడుపులోంచి నీరు, చీము బయటికి రావడానికి పెట్టిన డ్రెయిన్ ఖాళీగా ఉందని మాత్రం ధైర్యపడకు, గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. పొట్ట తెరిచి చేసిన ఆపరేషన్ తర్వాత డయాఫ్రమ్ (ఛాతీకి, కడుపుకి మధ్య ఉండే కండర పొర) కింద గాలి వారం దాకా ఉండొచ్చు, కాబట్టి నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఇక్కడ తేల్చదు. సీటీ స్కాన్ కావాలి.

సీటీకి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడు. కనిగిరి, పీసీపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువ. వాళ్లకు అలవాటుగా కిడ్నీలను దెబ్బతీసే డైక్లోఫెనాక్, అమికాసిన్ రాయకు.

అనుమానం బలపడితే నోటి ఆహారం ఆపు. నరానికి రెండు లావు కాన్యులాలు (సూది గొట్టాలు), రింగర్ లాక్టేట్ సెలైన్, ఆక్సిజన్, యూరిన్ కెథెటర్ పెట్టించు. కిలో బరువుకి గంటకు అర మి.లీ. మూత్రం రావాలి. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీసి గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టు. కిడ్నీలు బాగుంటే పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాములు. కడుపంతా గట్టిపడి బీపీ పడుతుంటే సీటీ కోసం ఆగకు, థియేటర్‌కి తీసుకెళ్లు. చీములో ఉన్న పేగుకి మళ్లీ అతుకు వేయాలన్న ఆశ వదులుకో. కడిగి, పేగు కొనలు బయటికి తెచ్చి స్టోమా (పొట్ట మీద మలం వచ్చే దారి) పెట్టు. ఇంటివాళ్లకు అది కష్టంగానే ఉంటుంది, కూర్చోబెట్టి విడమరిచి చెప్పు.

అన్నిటికంటే ఎక్కువగా మన కంటికి చిక్కకుండా జారిపోయేది కటిలో, అంటే పొత్తికడుపు అడుగున చేరిన చీము. అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయినవాడు ఇంటికెళ్లి, వారం పది రోజులకు విరేచనాలని తిరిగొస్తాడు. అడిగితే జిగట అంటాడు, మాటిమాటికీ కొంచెం కొంచెం అంటాడు, మూత్రానికీ ఊరికే వెళ్లాల్సి వస్తోందంటాడు. ఓఆర్‌ఎస్, విరేచనాలు ఆపే లోపెరమైడ్ ఇచ్చి పంపేస్తే చీము లోపలే పెరుగుతుంది. గ్లవ్ వేసుకుని మలద్వారంలో వేలితో పరీక్ష చేయి. ముందువైపు ఉబ్బి, మెత్తగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే విషయం తెలిసినట్టే. అల్ట్రాసౌండ్‌లో గడ్డ 3 సెంటీమీటర్ల లోపుంటే మందులతో చూడొచ్చు. అంతకు మించితే బయటికి తీయాల్సిందే.

గాయం మీద కూడా రోజూ నీ కన్ను పడాలి. అయిదో రోజుకి ఎర్రబడి చీము పడితే ఆ చోట కుట్లు విప్పు, మందు బిళ్లలతో చీము పోదు. మొదటి రెండు రోజుల్లోనే భరించలేని నొప్పి, చర్మం నల్లబడటం, బొబ్బలు కనిపిస్తే అది ప్రాణాంతకమైన కుళ్లు, ఆ రాత్రే కోసి తీసేయాలి. అయిదు నుంచి ఎనిమిదో రోజు మధ్య లేత ఎరుపు నీరు కట్టు తడిపితే నర్సమ్మ కట్టు మార్చి వదిలేయకుండా నిన్ను పిలవాలి. లోపలి కుట్టు విడుతోందని దానర్థం. పేగు బయటపడితే లోపలికి తొయ్యొద్దు, సెలైన్‌లో తడిపిన శుభ్రమైన ప్యాడ్లు కప్పి, మోకాళ్లు మడిపించి పడుకోబెట్టి థియేటర్ సిద్ధం చేయించు. మొదటిసారి మూసేటప్పుడే గాయం పొడవుకి కనీసం నాలుగింతల దారం వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

పొట్ట ఉబ్బి వాంతులైతే ముందు రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి జీర్ణాశయంలోకి వెళ్లే గొట్టం) వేసి రక్తంలో పొటాషియం చూడు, తక్కువుంటే సరిచేయి. అసలు గాలే పోలేదా, పోయి మళ్లీ ఆగిందా అని అడుగు. రెండోదైతే పేగు మడతపడిందో, ఎక్కడో చీముందో. నొప్పి, జ్వరం లేకపోతే తొందరపడి తెరవకు, ఆ రోజుల్లో పేగులు అంటుకుని ఉంటాయి, చెయ్యి పెడితే చిరుగుతాయి.

చుట్ట తాగేవాళ్లు, చీమకుర్తి, మార్కాపురం క్వారీల్లో దుమ్ము పీల్చినవాళ్లు ఊపిరితిత్తుల దగ్గర దెబ్బతింటారు. మొదటి రోజే కూర్చోబెట్టి, కుట్ల మీద దిండు అదిమి దగ్గించు.

ఒంగోలుకో నెల్లూరుకో పంపాల్సొస్తే బీపీ నిలబడుతుండగానే పంపు. 108లో సెలైన్ ఎక్కుతూ ఉండాలి, రైల్స్ ట్యూబ్ తెరిచి ఉండాలి. చీటీలో ఏ పేగు ఎక్కడ అతికావో బొమ్మ గీసి, ఆఖరి యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు పడిందో రాయి. బండి కదలకముందే అక్కడి డ్యూటీ సర్జన్‌తో ఫోన్‌లో నువ్వే మాట్లాడు.