జూన్‌లో కరిగిపోయే పొదుపు: మామూలు కుటుంబం నిజంగా ఎంత దాస్తోంది?

ప్రశ్న: మాది ఏలూరు. ప్రైవేటు కంపెనీలో పని. బేసిక్ 18,000, పీఎఫ్ పోగా చేతికి 34,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుట్టి నెలకు సగటున 7,000 తెస్తుంది. ఇద్దరు పిల్లలు. నెల ఖర్చులు: అద్దె 9,000, వెచ్చాలు, పాలు, కూరగాయలు 11,500, గ్యాసు, కరెంటు 1,900, ఫోన్లు, నెట్ 1,300, పెట్రోలు 2,500, స్కూలు ఆటో, ట్యూషన్ 3,200, ఊళ్లో అమ్మకు మందులు 2,500, బండి వాయిదా 3,100 (ఆగస్టుతో అయిపోతుంది). లక్ష రూపాయల 20 నెలల చీటీ నిరుడు మేలో మొదలైంది. డివిడెండు పోగా నెలకు 4,200 కడుతున్నాం. డిసెంబరులో పాట 24,000 దాకా పోయి 76,000 చేతికొచ్చింది. దానితో జూన్‌లో ఫీజుల కోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 40,000 తీర్చాం. జీతంలో 30 శాతం దాచాలంటారు. మాకు నెలాఖరుకు రెండు వేలు కూడా మిగలవు. మాలాంటివాళ్లు అసలు ఎంత దాచగలుగుతున్నారు?

జవాబు: ముందుగా ఒక మాట. మీరు దుబారా మనుషులు కారు. మీరు పంపిన లెక్కలో అనవసరమని వేలెత్తి చూపించే ఖర్చు ఒక్కటీ కనబడలేదు. ఇబ్బంది అల్లా, మీరు నెల లెక్క మాత్రమే వేస్తున్నారు. పొదుపు తేలేది ఏడాది లెక్కలోనే.

నెలవారీ ఖర్చులు కూడితే 35,000. రాబడి 41,000. అంటే చీటీ కట్టకముందు మీకు నెలకు 6,000, ఏడాదికి 72,000 మిగలాలి. ఇప్పుడు మీ ఉత్తరం రెండో పేజీలో విడిగా రాసిన ఏడాది ఖర్చులు చూడండి. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం 56,000; ఎల్ఐసీ 14,400; దసరా, సంక్రాంతి బట్టలు, ప్రయాణాలు 15,000; బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 4,600; ఆసుపత్రి 6,000. మొత్తం 96,000. నెలకు పంచితే 8,000. మీ మిగులు 6,000. మీ ఇంట్లో ప్రతి జూన్‌లోనూ వచ్చే కటకటకు కారణం ఈ రెండు వేల తేడానే.

దీనికి తోడు మీ జాబితాలో ఎక్కడా లేని ఖర్చు ఇంకొకటుంది. 40,000కు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 800. జూన్ నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలకు 4,800. ఇదీ కలిపితే ఏడాది లోటు 28,800.

అలాగని మీరేమీ దాచడం లేదనీ కాదు. మీ జీతంలోంచి పీఎఫ్‌కు 12 శాతం, 2,160 పోతోంది. కంపెనీ కూడా అంతే కడుతుంది. కంపెనీ వాటాలో 1,250 పింఛను పథకానికి పోగా మిగిలిన 910 మీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది. అంటే నెలకు 3,070, ఏడాదికి 36,840. ఎల్ఐసీ 14,400నూ పొదుపు కిందే వేద్దాం. రెండూ కలిపి 51,240. అందులోంచి లోటు 28,800 తీసేస్తే 22,440 మిగిలింది. పీఎఫ్‌తో కలిపి మీ ఏడాది రాబడి 5,28,840. కాబట్టి నికరంగా మీరు దాస్తున్నది 4 శాతం పైచిలుకు.

ఇక మిగతావాళ్ల సంగతి. 2022-23లో దేశంలోని కుటుంబాలన్నీ కలిసి బ్యాంకుల్లో, బీమాలో, పీఎఫ్‌లో, షేర్లలో వేసింది జీడీపీలో, అంటే దేశం మొత్తం ఏడాది ఉత్పత్తి విలువలో, దాదాపు 11 శాతమని రిజర్వు బ్యాంకు లెక్క. అదే ఏడాది ఆ కుటుంబాలే కొత్తగా చేసిన అప్పులు 6 శాతానికి దగ్గర. నికరంగా మిగిలింది 5 శాతం చిల్లర. కొవిడ్ ఏడాది 2020-21లో ఇదే 11 శాతం దాటింది. ఇది జీడీపీ మీద కట్టిన శాతం కాబట్టి మీ 4 శాతంతో నేరుగా పోల్చలేం. తీరు మాత్రం అచ్చంగా మీ ఇంటిదే: ఒక చేత్తో దాస్తున్నారు, ఇంకో చేత్తో అప్పు తెస్తున్నారు. పల్లెల సంగతి గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 2021-22 సర్వేలో ఉంది. కుటుంబానికి సగటు నెల ఆదాయం 12,698, ఖర్చు 11,262. తేడా 1,436, అంటే 11 శాతం. ఆ సగటు కుటుంబం కూడా 30 శాతానికి దరిదాపుల్లో లేదు.

ఖర్చు వైపు చూస్తే, 2023-24 వినియోగ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మనిషికి నెలకు సగటున 7,182. ఎల్ఐసీ తీసేసి చూస్తే మీ ఇంట్లో తలకు 10,450 పడుతోంది. అద్దె, బండి వాయిదా, అమ్మగారి మందులు పక్కన పెడితే 6,800. సర్వే సగటులో సొంతిల్లు ఉన్నవాళ్లూ ఉంటారని గుర్తుంచుకోండి. అందుకే తిండి ఖర్చులో కోత పెట్టమని నేను చెప్పను. పిల్లల పాలు తగ్గించి మిగిల్చేదేమీ ఉండదు.

చీటీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీరు దాన్ని ఇంకా పొదుపనే అనుకుంటున్నారు. డిసెంబరు నాటికి మీరు కట్టింది ఎనిమిది వాయిదాలు, 33,600. అందుకున్నది 76,000. అంటే అందులో 42,400 ఎదుటివాళ్ల డబ్బు. దానికి ఆ తర్వాత పన్నెండు నెలల్లో మీరు కట్టేది 50,400. లెక్క కడితే నూటికి నెలకు రెండున్నర రూపాయల పైనే వడ్డీ పడుతోంది. రెండు రూపాయల అప్పును అంతకంటే ఖరీదైన అప్పుతో తీర్చారన్నమాట. పాడుకున్న చీటీ పొదుపు కాదు, వాయిదాల మీద తీర్చే అప్పు. చివరి నెలల దాకా ఆగగలిగితేనే చీటీ కట్టాలి, అదీ రిజిస్టరైనదైతేనే. నిర్వాహకుడి కమీషను చట్టం ప్రకారం 7 శాతం మించకూడదు. ఈ చీటీ అయ్యాక వెంటనే ఇంకోదాంట్లో చేరకండి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ నెలలోనే స్కూలుకు వెళ్లి ఫీజు మూడు టర్ముల్లో కడతామని అడగండి. 56,000 ఒక్కసారిగా కాకుండా పుస్తకాలతో సహా ఇప్పుడు 24,000, దసరా ముందు 16,000, సంక్రాంతి తర్వాత 16,000 అయితే జూన్ భారం సగానికి పైగా దిగుతుంది. ఆ 24,000కు మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లొద్దు. బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చుకోండి. ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు 200 అవుతుంది. రెండు రూపాయల వడ్డీ అయితే 480.

తర్వాత ఇంకో బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. దానికి ఫోన్‌పే, గూగుల్ పే ఏవీ తగిలించకండి. చాలా ఇళ్లలో ఈ పద్ధతి చెడేది ఇక్కడే: ఫీజు డబ్బూ, కూరగాయల డబ్బూ ఒకే ఖాతాలో ఉంటే మూడో వారానికి ఏది దేనిదో తెలియదు. జీతం పడిన మర్నాడే ఆటోమేటిగ్గా ఆ ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకుకు సూచన ఇవ్వండి. ఈ జూన్ నుంచి ఆగస్టు దాకా, చీటీ కట్టగా మిగిలే 1,800. సెప్టెంబరులో బండి వాయిదా ఆగుతుంది కాబట్టి 4,900. జనవరి నుంచి చీటీ కూడా ఉండదు కాబట్టి 9,100. వాయిదా అయిపోయిన నెలలో ఆ 3,100 చేతిలో కనబడుతుంది, ఫోనో ఫ్రిజ్జో గుర్తొస్తుంది. అందుకే బ్యాంకుకు ఇచ్చిన సూచనను ఆగస్టులోనే మార్చేయండి.

ఇలా చేసినా వచ్చే మే నాటికి మీరు కూడబెట్టేది 70,500, అవసరం 96,000. లోటు 25,500. పండగ ఖర్చు 15,000 నుంచి 10,000కు, మిగతావాటిలో నెలకు 600 చొప్పున తగ్గించగలిగితే ఏడాదికి దాదాపు 12,000 కలిసొస్తుంది. అప్పుడు లోటు 13,500. బంగారం మీద వడ్డీతో 16,000 దగ్గర. ఈ ఏడాది అప్పు పూర్తిగా తప్పుతుందని మీకు అబద్ధం చెప్పలేను. రెండో ఏడాది మాత్రం నెలకు 9,100 చొప్పున 1,09,200, తగ్గించిన 12,000 కలిపి, అందులోంచి 96,000 తీసేస్తే మీ లెక్కలో 25,200 మిగులు ఉంటుంది. దానితో బంగారం విడిపించినా 9,000 పైన చేతిలో ఉంటాయి.

అప్పు తీరాకే ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ఫీజుల కోసమైతే పోస్టాఫీసు ఆర్‌డీ వద్దు. అది అయిదేళ్లది, మూడేళ్లలోపు మూయడానికి వీల్లేదు. బ్యాంకులో 12 నెలలది, మే నెలాఖరుకు చేతికొచ్చేలా, నెలకు 4,700 చొప్పున వేయండి. ఉద్యోగం మారితే పీఎఫ్ డబ్బు తీసుకోకండి, కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. జీతం పెరిగినప్పుడు, ఆ పెంపులో సగం మొదటి నెల నుంచే రెండో ఖాతాకు వెళ్లాలి. స్కూలు ఫీజు ఎలాగూ ఏటా పెరుగుతుంది.

రెండో ఏడాది లెక్క ఇదీ: పీఎఫ్ 36,840, ఎల్ఐసీ 14,400, మిగులు 25,200. అప్పు తీర్చడానికి పోయిందీ పొదుపే కాబట్టి మొత్తం 76,440. జీతం ఒక్క రూపాయి పెరగకపోయినా 14 శాతం. పిల్లల్లో అమ్మాయి ఉండి, పదేళ్లు నిండకపోతే పుట్టిన తేదీ రాయండి, ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య ఖాతాకు ఇందులో ఎంత పెట్టొచ్చో విడిగా చెబుతాను.