అబ్బాయికి కప్పు సంగతి కాదు, మీ సంగతి చెప్పండి

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. మాది విశాఖపట్నం. మావారు పోయి రెండేళ్లు కావస్తోంది. ఓడరేవులో కాంట్రాక్టులు చేసేవారు. 2012లో బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌లో పెంట్‌హౌస్ కొని, దాన్ని తన మనసుకి నచ్చినట్టు మార్పించుకున్నారు. స్విచ్ వేస్తే పడకగది కప్పు పక్కకి జరుగుతుంది, మంచం మీద పడుకునే ఆకాశం చూడొచ్చు. చిన్నప్పుడు ఊళ్లో ఆరుబయట నులక మంచం మీద పడుకున్న అలవాటు ఆయనది. టెర్రస్ మీద సముద్రం వైపు చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించారు. లిఫ్ట్ తలుపు నేరుగా మా హాల్లోనే తెరుచుకుంటుంది. హాలు మధ్యలో అత్తగారింటి నుంచి తెచ్చిన టేకు ఉయ్యాల. వచ్చినవాళ్లంతా ఇది ఇల్లు కాదు, సినిమా సెట్టు అనేవారు.

ఇప్పుడు అందులో నేనొక్కదాన్నే. అమ్మేసి, ఎంవీపీ కాలనీలో మా చెల్లెలి ఇంటి దగ్గర రెండు గదుల ఫ్లాట్ కొనుక్కుందామని ఉంది. బెంగళూరులో ఉన్న అమ్మాయి సరేనంటోంది. డాలస్‌లో ఉన్న అబ్బాయి మాత్రం ‘అది నాన్న కల, అమ్మొద్దు’ అంటాడు. కప్పు పట్టాలు తుప్పు పట్టాయంటే డబ్బు పంపాడు. పూల్ నీళ్లు కింది ఫ్లాట్‌లోకి దిగుతున్నాయని గొడవ చేస్తున్నారంటే, అక్కడి నుంచే వాటర్‌ప్రూఫింగ్ వాళ్లతో మాట్లాడి పంపించాడు. అమ్మితే ఇంతకి తగ్గొద్దని ఒక రేటు చెప్పాడు. ఆ రేటు ఎవరూ ఇవ్వరంటున్నాడు బ్రోకర్. పోయిన నెల ఒక జంట చూడ్డానికి వచ్చారు. ఆవిడ పడకగదిలో పైకి చూసి, ‘ముందు ఇక్కడ స్లాబ్ వేసి మూసేయాలండీ’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆయన్నే ఇంట్లోంచి పంపించేస్తున్నట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ ఇల్లు నాకెప్పుడూ నచ్చలేదు. ఆయనతో ఆ మాట ఒక్కసారీ అనలేదు. అత్తగారికి 86 ఏళ్లు, ఊళ్లో మా మరిది దగ్గర ఉంటారు. నన్నేం చేయమంటారు?
– పేరు రాయొద్దు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఉత్తరమంతా కప్పు గురించి, పూల్ గురించి, రేటు గురించి రాసి, అసలు సంగతి చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ ఇల్లు మీకెప్పుడూ నచ్చలేదు. ఈ మాట మీ అబ్బాయి చెవిన పడిందా? పడలేదనే నా అనుమానం. అతనికి మీరు చెప్పింది తుప్పు గురించి, కారే నీళ్ల గురించి. తుప్పు అంటే తుప్పుకి డబ్బు పంపాడు, నీళ్లంటే మనుషుల్ని పంపాడు. అమ్మ మాట వింటున్నాననే అనుకుంటున్నాడు పాపం. రేపు మెయింటెనెన్స్ ఎక్కువవుతోందంటే అదీ నెలనెలా తనే కడతానంటాడు. ఇంటికి వచ్చిన రోగం చెప్పినన్నాళ్లూ మీకు మందే వస్తుంది. మీరు అడగాల్సింది అది కాదు కదా.

నచ్చని ఇంట్లో అన్నేళ్లు కాపురం చేశానని, ఆ మాట ఆయనకి చెప్పలేదని మీకు లోపల ఎక్కడో తప్పు చేసినట్టుంది. మీ తరంలో ఇల్లు ఎక్కడ కొనాలో ఎలా ఉండాలో భార్యని అడిగిన మగవాళ్లు తక్కువ, అడక్కుండా నోరు విప్పిన ఆడవాళ్లు ఇంకా తక్కువ. ఆయన సరదా చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నారు. అది మోసం కాదు. అలాగని గొప్ప త్యాగమని కూడా నేను అనను. కాపురాల్లో ఇలాంటివి బోలెడు సర్దుకుపోతాం. ఆయన ఉన్నప్పుడు ఆ సర్దుబాటుకి ఒక అర్థం ఉంది, ఆ కప్పు కింద ఆయన సంతోషంగా పడుకునేవారు. ఇప్పుడు ఎవరి కోసం?

స్లాబ్ వేయాలన్న ఆవిడ మీద మీకు కోపం రావడం సహజమే. అయితే ఒకటి ఆలోచించండి. మీవారు మాత్రం ఏం చేశారు? బిల్డర్ కట్టి ఇచ్చినదాన్ని పగలగొట్టించి తనకి కావలసినట్టు చేయించుకున్నారు. ఇల్లు కొన్నవాళ్లందరూ చేసే పనే అది. పైగా సముద్రం పక్కన తెరుచుకునే కప్పంటే ఎంత తలనొప్పో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఉప్పు గాలికి కిటికీ గడియలే ఏడాది తిరక్కుండా బిగుసుకుపోతాయి, ఇక మోటారు మీద జరిగే పట్టాల సంగతి చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఆ గదిలో ఏం జరిగిందో మీరు రాయలేదు గానీ, మీ ఊళ్లో ఆ గాలికి మామూలు కిటికీ అద్దాలే నిలవలేదు. ఆ జంట అడిగింది అవమానించాలని కాదు, వాళ్లు అక్కడ పిల్లల్ని పడుకోబెట్టుకోవాలి.

ఇక అబ్బాయి. దూరదేశంలో ఉన్న పిల్లలకి తండ్రి ఇల్లు అలాగే ఉంటే తండ్రి కూడా కొంత ఉన్నట్టే. పండక్కి వచ్చినప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఆ హాలు కనబడాలి అతనికి. అందులో స్వార్థం లేదు, దుఃఖమే ఉంది. మీ దుఃఖం ఆ ఇంట్లోంచి బయటపడాలంటోంది, అతనిది ఇల్లు కదలకూడదంటోంది. అతను చెప్పిన రేటు కూడా లెక్క వేసి చెప్పింది అయ్యుండదు. ఎవరూ ఇవ్వలేని రేటు చెప్పడం అమ్మొద్దనడానికి మర్యాదైన దారి. కాబట్టి అతనితో రేటు మీద వాదించకండి.

వాట్సాప్‌లో రాయొద్దు. శనివారం పొద్దున, అక్కడ శుక్రవారం రాత్రి, భోజనాలయ్యాక వీడియో కాల్ చేసి ఇలా మొదలుపెట్టండి: “నాన్నా, ఇన్నాళ్లూ నీకు ఇంటి రిపేర్ల గురించి చెప్పాను. అవన్నీ నువ్వు చేయించినా నేనిక్కడ ఉండలేను. నాకీ ఇల్లు మొదటినుంచీ నచ్చలేదు. మీ నాన్నకి నచ్చిందని ఉన్నాను. రాత్రి కరెంటు పోతే లిఫ్ట్ ఆగిపోతుందేమో, ఇంతెత్తు నుంచి ఎలా దిగుతానో అని కూర్చుంటున్నాను. నాకు పిన్ని దగ్గర ఉండాలని ఉంది.” కరెంటు మాట నేను కల్పించి రాసింది, మీ భయం ఏదైతే అది పెట్టండి. అతను బాధపడతాడు. ‘నాన్నకి తెలిస్తే ఎలా ఉండేది’ అని కూడా అనొచ్చు. అంటే అననివ్వండి, వెంటనే సర్దిచెప్పి మాట వెనక్కి తీసుకోకండి. మీకు ఆ అలవాటు ఉన్నట్టుంది.

ఒకేసారి అమ్మకం అనకుండా, ముందు మీరు బయటికి రండి. ఎంవీపీలో చెల్లెలి వీధిలోనే ఒక పోర్షన్ అద్దెకి తీసుకుని కొన్ని నెలలు ఉండి చూడండి. రైతు బజారుకి నడిచి వెళ్లడం, సాయంత్రం చెల్లెలితో కూర్చోవడం మీరనుకున్నంత బాగుందో లేదో తేలుతుంది. పెంట్‌హౌస్‌కి తాళం వేసి, చూసేవాళ్లకి బ్రోకర్‌తో చూపించండి. వాళ్ల మాటలు మీ చెవిన పడవు. అబ్బాయి చెప్పిన రేటుకే ఉగాది దాకా పెట్టి చూద్దామనండి. అప్పటికీ ఎవరూ రాకపోతే తగ్గించడానికి అతను ఇప్పుడే ఒప్పుకోవాలి.

రేటు గురించి మీరు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బ్యాంక్ తరఫున ఇంటికి విలువ కట్టడానికి వచ్చే వాల్యూయర్ చదరపు అడుగులు, ప్లాన్, అనుమతులు చూస్తాడు. జరిగే కప్పుకి మీవారు పెట్టిన ఖర్చు అతని లెక్కలోకి పెద్దగా రాదు. అరుదైన హంగులు ఉన్నకొద్దీ కొనేవాళ్లు తగ్గుతారు. అలాగని అమ్మేముందు మీ డబ్బుతో స్లాబ్ వేయించకండి. మూయించడానికి ఎంతవుతుందో ఒక ఇంజినీర్‌తో ఎస్టిమేట్ రాయించి దగ్గర పెట్టుకోండి. కప్పు మూసేయాలనుకుని కొనేవాళ్లు ఆ లెక్క పట్టుకునే బేరం ఆడతారు. ఆ కప్పు చూసే మనసు పడేవాళ్లు కూడా రావచ్చు, ఊళ్లో మీవారి లాంటి మనుషులు ఇంకా ఉంటారు.

పూల్ మాత్రం వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీటరు లోతు నీళ్లంటే ప్రతి చదరపు మీటరు మీద టన్ను బరువు. మామూలు ఇళ్ల శ్లాబుల మీద మనుషులకి, సామానుకి కలిపి లెక్క కట్టే బరువు చదరపు మీటరుకి 200 కిలోలే. మీవారు స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత లెక్క కట్టించి బీములు వేయించారా, లేక మేస్త్రీ మాట మీద కట్టించారా? ఆ డ్రాయింగులు దొరికేదాకా పూల్ ఖాళీ చేసి ఉంచండి. కింది వాళ్లతో గొడవ కూడా అక్కడితో సగం చల్లారుతుంది. పైగా టెర్రస్ మీ ఒక్కరిదేనా అన్నది దస్తావేజు చూస్తేగానీ తెలియదు. అపార్ట్‌మెంట్లలో టెర్రస్ సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఆమోదించిన ప్లాన్‌లో అసలు ఆ పెంట్‌హౌస్ ఉందా? మన దగ్గర అనుమతి ఉన్న అంతస్తుల మీద ఇంకో అంతస్తు లేపి పెంట్‌హౌస్ అని అమ్మడం పాత జబ్బే. అందుకే ప్రభుత్వం 2007 చివర్లో ఒకసారి, 2015లో మరోసారి జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు పెట్టింది. మీవారు అలా జరిమానా కట్టి ఉంటే ఆ కాగితం బీరువాలో ఉండాలి. అది లేకుండా అడ్వాన్స్ తీసుకుంటే కొన్నవాడికి బ్యాంక్ లోన్ రాదు, మీకు మనశ్శాంతి ఉండదు.

డబ్బు సంగతి రెండు మాటలు. కొంత వైట్, కొంత క్యాష్ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడే ప్రమాదం ఉంది. ఒంటరి మనిషి ఆ జోలికి పోకూడదు. అబ్బాయి ఎన్నారై కాబట్టి అతని వాటా మీద కొనేవాళ్లు ముందే పట్టుకుని కట్టే పన్ను (టీడీఎస్) మీలా 1 శాతంతో పోదు, ఎక్కువ ఉంటుంది. ముందే ఒక ఆడిటర్‌ని కలవండి.

వాటా అన్నాను కదా, ఇల్లంతా మీదేనని మీరు అనుకుంటున్నట్టుంది. మీవారు వీలునామా రాశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. రాయకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో మీకు, అబ్బాయికి, అమ్మాయికి సమాన వాటాలు. చాలామంది మరిచిపోయేది నాలుగో మనిషిని. బతికి ఉన్న తల్లికి కూడా కొడుకు ఆస్తిలో భార్యాపిల్లలతో సమానంగా వాటా ఉంటుంది. అంటే మీ అత్తగారిది పావు వంతు. మీ నలుగురూ సంతకం పెడితేనే ఆ ఇల్లు మొత్తంగా అమ్ముడవుతుంది. అబ్బాయి రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంప్ వేయించాలి. అతను ఒప్పుకోకపోతే అమ్మాయి, మీరు కలిసి కోర్టుకెళ్లి భాగం తెంచుకోవచ్చు గానీ, ఆ మాట మనసులో కూడా పెట్టుకోకండి. నిజం చెబితే ఒప్పుకునే కొడుకులాగే ఉన్నాడు.

ఉయ్యాల తీసుకెళ్లాలనుకుంటే అగ్రిమెంట్‌లోనే రాయించండి. ఇంటికి బిగించి ఉన్నవన్నీ ఇంటితో పాటే పోతాయి, తర్వాత అడిగితే కొన్నవాళ్లు ఇవ్వక్కర్లేదు.

బ్రోకర్‌ని మళ్లీ పిలిచే ముందు మీ అత్తగారి దగ్గరికి వెళ్లి రండి. ‘మీ వాటా వదిలేసుకోండి’ అని అడగమని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, ముసలావిడకి డబ్బెందుకని. అడగకండి. కొడుకు పోయిన తల్లి ఆవిడ, మందులకీ నర్సుకీ ఆ డబ్బు ఆవిడకే అక్కరకొస్తుంది, మీ మరిదికి కూడా భారం తగ్గుతుంది. రేపు ఆవిడకేమైనా అయితే ఆ పావు వంతు ఆవిడ పిల్లలందరికీ చీలుతుంది, అప్పుడు మీకు కావలసిన సంతకాలు ఇంకా పెరుగుతాయి. అందుకని ఆలస్యమూ వద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు కాగితాలేవీ పట్టుకెళ్లకండి, మరిదికి మాత్రం ముందే ఫోన్‌లో అంతా చెప్పి ఉంచండి. రిజిస్ట్రేషన్ రోజున ఆవిడ కదల్లేని స్థితిలో ఉంటే, దరఖాస్తు పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి సంతకం తీసుకునే వీలు చట్టంలో ఉంది. ఆ సంగతి డాక్యుమెంట్ రైటర్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.