కిటికీ బయట నిలబడ్డ వాంపైర్: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల ఆరు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. నీకు రాయడం వచ్చమ్మా, అందులో సందేహం లేదు. నీ నాయిక జ్వరంతో లైబ్రరీకి వచ్చిన రోజు, ఆ ఒంటి వేడి తగిలి, మనుషుల రక్తం తాగి బతికే నీ వాంపైర్ కుర్రాడు బెంచీ చివరిదాకా జరిగిపోతాడు చూడు, అక్కడ చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. రక్తం అన్న మాటే వాడకుండా అతని ఆకలినీ ఇష్టాన్నీ ఒక్క కదలికలో చూపించావు.

నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం మనసుకి కష్టంగా అనిపించింది. ఆమె నిద్రలో ఉండగా అతను కిటికీలోంచి లోపలికి వచ్చి, తెల్లవారేదాకా ఆమెనే చూస్తూ కూర్చుంటాడు. మర్నాడు ఆ సంగతి తెలిసి ఆమె మురిసిపోతుంది. పాఠకురాలు కూడా మురిసిపోవాలనే నువ్వు రాశావు.

ఇలాంటి సీను ఒకప్పుడు నేనూ రాశాను. చాలామందికి నచ్చింది. కొన్నాళ్ళకు పదిహేనేళ్ళ అమ్మాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తనను ఇష్టపడుతున్న అబ్బాయి తను ఎక్కడికి వెళ్ళినా వెనకాలే వస్తాడట, ఎవరితో మాట్లాడినా ఎందుకని నిలదీస్తాడట. మొదట్లో భయం వేసిందట. నా కథ చదివాక అదంతా ప్రేమేనని అర్థమైందట. నాకు థాంక్స్ చెప్పడానికే ఆ ఉత్తరం. అది ప్రేమ కాదని, నీ భయమే నీకు నిజం చెప్పిందని, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడమని వెంటనే జవాబు రాశాను. మళ్ళీ ఆమె నుంచి ఉత్తరం రాలేదు. ఆ పిల్ల ఏమైందో అన్న టెన్షన్ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కల్పనే కదా అంటావేమో. పెద్దవాళ్ళయితే కథ చదువుతూ తమ జీవితంతో పోల్చి చూసుకుంటారు. పదిహేనేళ్ళ పాఠకురాలికి పోల్చుకోవడానికి ఇంకా ఏమీ ఉండదు. ప్రేమ ఎలా ఉంటుందో ఆమె చాలాసార్లు మన పేజీల్లోంచే నేర్చుకుంటుంది. అందుకే టీనేజ్ పిల్లల కోసం రాసే ఈ సాహిత్యాన్ని నేను చిన్నచూపు చూడను, ఎవరైనా చూస్తే ఊరుకోను కూడా.

వాంపైర్‌ని అందగాడిగా మార్చింది మనలాంటి రచయితలే. 18వ శతాబ్దం మొదట్లో సెర్బియా పల్లెల జనం భయపడిన వాంపైర్ ఒక ఉబ్బిన శవం. 1732లో ఆస్ట్రియా సైనిక వైద్యులు సమాధులు తవ్వించి రాసిన రిపోర్టు గురించి యూరప్ అంతా మాట్లాడుకున్నారు. శవం కుళ్ళేటప్పుడు లోపల పుట్టిన వాయువులు ఎర్రటి ద్రవాన్ని నోట్లోకి తోస్తాయి. అది చూసి, ఎవరి రక్తమో తాగి వచ్చి పడుకున్నాడని నమ్మారు. ఆ శవాన్ని ఎవరూ ప్రేమించలేరు. 1819లో అచ్చయిన, జాన్ పోలిడోరి అనే యువ డాక్టరు రాసిన కథలో అదే వాంపైర్ ఆడవాళ్ళ మనసు దోచే పెద్దింటి దొర అయ్యాడు. ఎండ తగిలితే వాంపైర్ చస్తాడన్న సంగతీ అంతే. 1897లో వచ్చిన ‘డ్రాకులా’ నవలలో వాంపైర్ అయిన కౌంట్ డ్రాకులా పట్టపగలే వీధిలో కనిపిస్తాడు, కాకపోతే పగటిపూట అతని శక్తి తక్కువ. ఎండ సోకి వాంపైర్ మాయమైపోవడం 1922 నాటి ఒక జర్మన్ మూకీ సినిమాలో చూపించారు. ఎవరి కథకు కావలసిన నియమాలు వాళ్ళు పెట్టుకుంటూ వచ్చారు. నువ్వూ పెట్టుకో. పెట్టుకున్నాక, క్లైమాక్స్‌లో దారి దొరకడం లేదని వాటిని తప్పించకు. టీనేజ్ పాఠకులు ఇట్టే పట్టేస్తారు.

ఆ నియమాలన్నిటిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు రమ్మంటే తప్ప వాంపైర్ గడప దాటలేడు. ‘డ్రాకులా’లో దీనికి రెండో సగం కూడా ఉంది. ఒకసారి పిలిస్తే చాలు, ఆ తర్వాత ఇష్టమొచ్చినప్పుడల్లా రావచ్చు. నీ నవల ఈ రెండో సగంతో పోట్లాడాలని నా కోరిక. నిన్న రమ్మన్న అమ్మాయి ఇవాళ వద్దనవచ్చు. వద్దన్న క్షణంలో అతని కాలు గడప మీదే ఆగిపోవాలి. గోడ పగలగొట్టగలిగిన బలవంతుడు ఆమె ఒక్క మాటకి వానలో తడుస్తూ నిలబడిపోతాడు. ఈ సీను నువ్వు రాస్తే ఏ అమ్మాయీ పుస్తకం కింద పెట్టదు.

అక్కడితో ఆగకు. అతన్ని ఆపింది ఆ కట్టుబాటా, అతని మనసా? ఆ నియమమే లేకపోతే ఆగేవాడా? ఆమెకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఏదో ఒక రోజు వాళ్ళిద్దరూ గడప అంటూ లేని చోట కలుసుకోవాలి, బయలులోనో, రోడ్డు మీదో. నీ కథకు అసలు పరీక్ష అదే.

అతనికి రెండువందల ఏళ్ళు, ఆమెకు పదహారు. ఆ తేడాని అందమైన ముఖం వెనక దాచకు. అతను చెబుతుంటే ఆమె వింటూ ఉంటుంది నీ కథలో, ఆరు అధ్యాయాల నిండా అంతే. ఆమె స్నేహితురాలికి మూడే డైలాగులు ఇచ్చావు, మూడూ ఆ కుర్రాడి గురించే. ఈ అమ్మాయి దేనికి నవ్వుతుంది, ఇంట్లో దేనికి గొడవ పడుతుంది, పెద్దయ్యాక ఏం కావాలనుకుంటోంది? అది తెలియకపోతే అతను ఆమెను ఎందుకు ప్రేమించాడో కూడా తెలియదు. తనను కూడా వాంపైర్‌ని చెయ్యమని చివర్లో అడగబోతోందని రాశావు. అడగనీ. కానీ ముందు ఆమెకు ఒక తమ్ముడిని ఇవ్వు. పదేళ్ళ పిల్లాడు. అక్క పదహారు దగ్గరే ఆగిపోతే వాడు ఒక రోజు ఆమె వయసుకి వస్తాడు, తర్వాత దాటిపోతాడు. ఆమె ఈ లెక్క వేసుకున్నాక కూడా అడిగితే అప్పుడు ఆ కోరికకు బరువుంటుంది.

ఇంకొక్క మాట. ఒక ఐరిష్ రచయిత రాసిన, 1872లో పూర్తయిన ‘కార్మిల్లా’ అనే కథలో, తనకు పంతొమ్మిదేళ్ళప్పుడు జరిగింది చెబుతూ ఒక అమ్మాయి, కార్మిల్లా అనే ఆడ వాంపైర్ దగ్గరికి వస్తే తనలో ఇష్టం, అసహ్యం రెండూ కలిగేవని ఒప్పుకుంటుంది. నీ నాయికకు ఇష్టం ఒక్కటే ఇచ్చావు. రెండోదాన్ని కూడా ఆమెకు తిరిగి ఇవ్వు.

కిటికీ సీను తీసెయ్యమని అనడం లేదు. మళ్ళీ రాయి. ఈసారి ఆమె మేలుకునే ఉండాలి. అతను బయట, కిటికీ మీద చెయ్యి కూడా వెయ్యకుండా నిలబడాలి. ఆమెకు చలిగా ఉంది, భయంగా ఉంది, అతన్ని చూడాలనీ ఉంది. రమ్మంటుందో, రేపు రమ్మంటుందో, కిటికీ మూసేస్తుందో నాకు తెలియదు. ఆమెనే అడిగి రాయి. రాసిన వెంటనే ఆ నాలుగు పేజీలే పంపు, ఏడో అధ్యాయం అయ్యేదాకా ఆగొద్దు.

ఎదురుచూస్తూ ఉంటాను.

నీ శ్రేయోభిలాషి