తోమకుండా పట్టుకురా

చి. లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ రాత్రి కూర్చుని పెద్దవి చేసి చూశాను. మీ అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఇన్ని పాత వెండి రూపాయలు మిగిలాయని నాకే తెలీదు. శనివారం టి.నగర్ వెళ్లి అన్నీ తూకానికి వేసేస్తానన్నావు. వెయ్యొద్దనను, కొన్నింటికి అదే సరైన దారి. ఏవి తూకానికి వెళ్లాలో, ఏవి వెళ్లకూడదో తేల్చుకున్నాకే గడప దాటు.

ముందు ఒక మాట. తోమకు. చింతపండు, విభూది, టూత్‌పేస్టు, ఏదీ వద్దు. ముప్పై ఏళ్ల కిందట నేనొక విక్టోరియా రూపాయిని కొబ్బరిపీచుతో తళతళలాడించి షావుకారుపేటలో ముగ్గురికి చూపించాను. ముగ్గురూ దాన్ని భూతద్దం కింద పెట్టారు, గీతలు చూశారు, వెండి ధర చెప్పి చేతిలో పెట్టారు. ఆ నలుపు ఏళ్ల తరబడి పట్టిన పొర. సేకరించేవాళ్లు డబ్బిచ్చేది దానికే. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తు, బొమ్మ మీద వేలు పెట్టకు.

ఇక నీ ఫొటోలు. 1918 రూపాయలు నాలుగున్నాయి. ‘వన్ రూపీ’ అని ఉన్న వైపు తిప్పి, అడుగున ఉన్న తామరపువ్వు కింద చూడు. గసగసాల గింజంత చుక్క ఉంటే బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. ఐదో ఫొటోలో నాకు చుక్క కనిపించింది. ఆశ పెట్టుకోకు, ఆ ఏడాది రెండుచోట్లా కోట్లలో కొట్టారు. మెరుపు చెడనిదైతే తప్ప ధర వెండిని పెద్దగా దాటదు. వాటి మీదున్న ఐదో జార్జి రాజు బొమ్మతోనే 1911 రూపాయి దొరికితే విడిగా పెట్టు. రాజు అంగీ మీద ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవైతే, మరుసటి ఏడు తొండం సరిచేసి మళ్లీ కొట్టారు. మీ అత్తయ్యకి ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నవ్వొస్తుంది.

నా కన్ను ఆగింది మాత్రం 1862 దాని మీద. ఆ సంవత్సరాన్ని మార్చకుండా 1874 వరకూ అదే అంకెతో కొట్టారు. అందుకని 1862 అని ఉన్నంత మాత్రాన 1862లో పుట్టిందనుకోకూడదు. సంవత్సరానికి పైనా కిందా సన్నటి చుక్కలుంటాయి, వాటి లెక్కను బట్టే రకం తెలుస్తుంది. కొన్ని లెక్కలు మామూలువి, కొన్ని అరుదు. నీ ఫొటోలో కింద రెండో మూడో తేలడం లేదు. పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి, పక్కనుంచి వెలుగు పడేలా మళ్లీ తియ్యి.

1944, 1945వి చూడ్డానికి అవే రూపాయలు, బరువూ అదే 11.66 గ్రాములు. కానీ 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే వెండి. అంటే 5.83 గ్రాములు. పాతవాటిలో నూటికి 91.7 పాళ్లు, దాదాపు 10.7 గ్రాములు. అన్నీ ఒకే కుప్పగా తూస్తే నష్టం నీదే, కాబట్టి రెండు మూటలు కట్టు. 1939ది ఉందని ఎవరైనా చూపిస్తే గంతులెయ్యకు, అరుదైనది కాబట్టే దానికి నకిలీలు ఎక్కువ.

చార్మినార్ బొమ్మది నిజాం రూపాయి. ద్వారం మధ్యలో ఉర్దూ అక్షరం చూడు. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. దాని మీద సంవత్సరం హిజ్రీ లెక్క. 1330 అని చదివి ఏడొందల ఏళ్ల నాటిదని ఊళ్లో చెప్పకు.

1818, ఈస్టిండియా కంపెనీ, రామపట్టాభిషేకం ఉన్నదాన్ని పూజగదిలో పెట్టుకో. కంపెనీ అలాంటి నాణెం కొట్టనేలేదు. అవి తర్వాత తయారుచేసిన బిళ్లలు, లక్షలిస్తామనే వీడియోలు నమ్మకు. కాసులదండలోంచి విడిపోయినవి మూడున్నాయి, అంచున టంకం మచ్చ ఉంది. వాటిని నిశ్చింతగా తూకానికి వెయ్యి.

తమ్ముడు రెండు అమెరికా పట్టుకెళ్తానంటున్నాడట. వందేళ్లు దాటినవి 1972 చట్టం కింద పురావస్తువులు, వాటిని దేశం దాటించకూడదు. కావాలంటే 1944ది ఇవ్వు.

ఆదివారం పెరంబూరు వచ్చెయ్. ఒక్కోదాన్ని తెల్లకాగితంలో చుట్టి తీసుకురా, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వద్దు, పచ్చగా జిగురెక్కుతాయి.

అన్నట్టు పదకొండో ఫొటో మసకగా ఉంది. దాని మీద గుడి గోపురం, చుట్టూ చుక్కల్లాంటి నక్షత్రాలు ఉన్నట్టు అనిపిస్తోంది. అదే అయితే 1808 ప్రాంతంలో మన మద్రాసు టంకశాల కొట్టిన వెండి అర వరహానో, పావు వరహానో. రెండో వైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ ఉండాలి. ఈ ఉత్తరం చదవగానే తిప్పి ఫొటో పంపు. నిద్రపోను.

మామయ్య