అక్వేరియం అద్దం మీద తెల్ల పురుగులు: మందు వేయాలా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. చేపల చెరువులున్నాయి. పిల్లల కోసం ఇంట్లో రెండడుగుల అక్వేరియం పెట్టి, కాలువలోని నాచు మొక్కలు తెచ్చి నాటి, గప్పీ చేపలు వేశాం. నెల రోజులుగా రాత్రిపూట అద్దం మీద దారప్పోగుల్లాంటి తెల్ల పురుగులు పాకుతున్నాయి. ఇవేం పురుగులు? చెరువులో చేపలకు పట్టే పేనుకు కొట్టే మందు ఒక చుక్క వేయొచ్చా?

జవాబు: ఆ మందు మాత్రం వేయకండి. అది ఎకరాల లెక్కన కొట్టేది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 56 లీటర్లే. ఒక్క చుక్కకే గప్పీలు చనిపోవచ్చు.

ముందు పురుగు ఏదో తేల్చుకోవాలి. ఒకదాన్ని నీళ్లతో సహా తీసి పింగాణీ పళ్లెంలో వేయండి. టార్చి వేసి, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. ఒళ్లంతా కణుపులుండి, పాములా మెలికలు తిరుగుతుంటే అది వానపాము జాతిదే. చేపకు హాని లేదు. మీరు చెప్పిన పోలికను బట్టి ఇదే అయ్యుంటుందని నా అంచనా. కణుపుల్లేకుండా నున్నగా, తల బాణం మొనలా, దాని మీద రెండు నల్ల చుక్కల కళ్లతో, మెలిక తిరగకుండా జారుతూ పోతే అది ప్లనేరియా అనే చదును పురుగు. దాన్ని తొట్టిలో నలపకండి, తెగిన ముక్కలు మళ్లీ పురుగులవుతాయి. చిన్న సీసా మూతకు బెజ్జాలు చేసి, లోపల మాంసం ముక్క వేసి రాత్రి తొట్టిలో ఉంచండి. తెల్లారేసరికి అందులో చేరతాయి, సీసాతో సహా బయటకు తీసేయండి. రెండు కొసలా అంటుకుంటూ నడిస్తే జలగ. ఎర్రగా ఉండి బురద గూట్లో దాక్కుంటే దోమను పోలిన, కుట్టని ఈగ పిల్ల. దాన్ని గప్పీలే తినేస్తాయి.

వానపాము జాతి ఇంతగా పెరిగిందంటే మేత మిగిలిపోతోందన్నమాట. రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. వారానికోసారి సన్న పైపుతో అడుగు మడ్డిని లాగి, పావు వంతు నీళ్లు మార్చండి. పురుగులు గుంపుగా పైకి పాకుతుంటే ఆక్సిజన్ కూడా చూసుకోవాలి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అందక చేపలు పైకి తేలడం మీకు తెలిసిందే. లైటు ఆపాక మొక్కలూ ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి ఇక్కడా అదే జరగొచ్చు. రాత్రంతా గాలి పంపు నడవనివ్వండి.

ఇకపై కాలువ మొక్కలు తెస్తే రెండు వారాలు విడిగా బకెట్లో ఉంచి, చూశాకే నాటండి.

ఒకటి మాత్రం అశ్రద్ధ చేయొద్దు. గప్పీ మలద్వారం నుంచి ఎర్రని దారప్పోగులు వేలాడుతుంటే అవి పేగుల్లోని పురుగులు. ఆ చేపను వెంటనే వేరు చేసి, ఫొటో తీసి పంపండి.