పెట్రోలు ఖర్చు కొట్టేయకు, అమ్మలూ

అమ్మలూ,

ఆస్ట్రేలియాలో, ఆ పెర్త్‌లో నీకు ఫౌండేషన్ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎదుగుదల సమస్యలున్న అక్కడి ఆదివాసీ పిల్లల కోసం డబ్బు కావాలని వచ్చే దరఖాస్తులన్నీ ఇక నీ టేబుల్ మీదికే వస్తాయట. ఇరవై ఏళ్లు అదే పని చేశాను కదా, అడగకపోయినా రాస్తున్నాను.

ముందు, దరఖాస్తులో రాసిన పని కావాలని ఎవరు అడిగారో చూడు. మీ రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న కింబర్లీ ప్రాంతంలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే చిన్న ఊరుంది. జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ లాంటి అక్కడి ఆడవాళ్లు పోరాడి, 2007లో మద్యం అమ్మకాల మీద ఆంక్షలు తెప్పించారు. ఆ తర్వాత, కడుపులో ఉండగానే మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లలు ఎంతమందో తేల్చమని పరిశోధకులను వాళ్లే పిలిచారు. ఆ పనికి లిలిల్వాన్ అని పేరు. అక్కడి ఆదివాసీలు మాట్లాడే క్రియోల్ భాషలో చిన్న పిల్లలందరూ అని అర్థం. 2002, 2003లో పుట్టిన పిల్లల్ని డాక్టర్లు చూస్తుంటే, పక్కన ఊరి మనుషులు ఉండి కుటుంబాలతో మాట్లాడారు. దాదాపు ఐదుగురిలో ఒకరికి సమస్య ఉందని తేలింది. అదే మాట బయటివాళ్లు తమంతట తాము వెళ్లి చెప్పి ఉంటే, ఆ తల్లుల నెత్తిన నింద పడేది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకసారి ఓ దరఖాస్తులో పెట్రోలు ఖర్చు కనిపించింది. ఇది థెరపీ కాదు కదా అని కొట్టేశాను. ఏడాది తర్వాత అక్కడికి వెళ్తే, చాలామంది పిల్లలు సగం సెషన్లకు రానేలేదని తెలిసింది. పెంచుతున్నది అమ్మమ్మలు, వాళ్లకి కారు లేదు, క్లినిక్ రెండొందల కిలోమీటర్ల దూరం. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఊళ్లోనే ఒకటి చూశాను. మాటలు రాని ఆరేళ్ల పిల్లాడు ఎర్రమట్టిలో గులకరాళ్లు వరసగా పేరుస్తున్నాడు. వాళ్ల ఊరి పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. అరగంట సేపు ఏమీ అడగలేదు, తనూ ఒక్కో రాయి పెడుతూ పోయింది. చివరికి వాడే ఒక రాయి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకి డిగ్రీ లేదు కాబట్టి జీతమూ లేదు. అలాంటివాళ్లకి జీతం ఇవ్వు అమ్మలూ, గౌరవ వేతనం అని ఏదో కొంత చేతిలో పెట్టడం కాదు.

వైకల్యం ఉన్నవాళ్లకి డబ్బిచ్చే ప్రభుత్వ ఎన్.డి.ఐ.ఎస్. పథకం ఉందిగా అని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందులో డబ్బు పిల్లాడి పేరున మంజూరవుతుంది, నిజమే. మారుమూల ఊళ్లో థెరపిస్టే దొరకకపోతే ఆ డబ్బు ఖర్చు కాకుండా మిగిలిపోతుంది. ఊరివాళ్లకే శిక్షణ ఇప్పించడానికి నీ డబ్బు పనికొస్తుంది.

చెవి పరీక్షకి కూడా కొంత పక్కన పెట్టు. అక్కడి పిల్లల్లో చెవిలో చీము చాలా ఎక్కువ. పిలిస్తే పలకని పిల్లాడికి అసలు వినబడుతోందో లేదో ముందు తెలియాలి. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పిల్లకి ఇంగ్లిషులో పరీక్ష పెట్టి వెనకబడింది అని రాస్తే మాత్రం ఆ రిపోర్టు ఒప్పుకోకు.

ఏడాది గ్రాంటు వద్దు, కనీసం ఐదేళ్లు ఇప్పించు. ఊళ్లో ఎవరైనా పోతే వారాల తరబడి పనులన్నీ ఆగిపోతాయి, దాన్ని ఆలస్యం కింద రాయకు. రిపోర్టు ఫోన్‌లో చెబుతామంటే విని, నువ్వే రాసుకో.

వచ్చే నెల అక్కడికి వెళ్తున్నావట. ఒక్క రోజులో తిరిగొచ్చే టికెట్ తీసుకోకు.

నీ పెద్దత్త